ఎన్లార్జ్ చేసిన అమ్మ

కుందలహళ్ళిలో నేను అద్దెకుంటున్న గది కింద పటాలు కట్టే కొట్టుంది. పొద్దున్నే వార్నిషు వాసన మెట్లెక్కి వస్తుంది. అది తగిలితే చాలు, టీ గ్లాసు చేతిలో ఉండగానే నేను వర్తూరులో మా రేకుల ఇంటికి, ఏడెనిమిదేళ్ల వయసుకు వెళ్లిపోతాను.

మా వీధిలో ఎన్లార్జ్ అనే మాట చనిపోయినవాళ్ల ఫోటోలకే వాడేవారు. ఫలానా తాతను ఎన్లార్జ్ చేయించారంటే ఇక అడగాల్సిందేమీ ఉండదు. బడిలో టీచరమ్మ దానికి పెద్దది చేయడమని అర్థం చెప్పి సొంత వాక్యం రాయమంటే, మా అమ్మను ఎన్లార్జ్ చేశారని రాశాను. పిల్లలు నవ్వారు. టీచరమ్మ ఆ వాక్యానికి రైటు కొట్టింది.

అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్లు, ఒక్కదాన్నే బిడ్డను. ఆమెకున్నది ఒకే ఒక్క ఫోటో, ఏదో ఇల్లు కట్టడం ముగిసిన రోజున మేస్త్రీ కూలీలందరినీ నిలబెట్టి తీయించింది. అందులో ఓ పక్కగా, శనగగింజంత మొహంతో అమ్మ. నాన్న దాన్ని హొసకోటెలో ఒక స్టూడియోకు తీసుకెళ్లాడు.

"పెద్దది చేస్తే మొగం చెదిరిపోతాదప్పా" అన్నాడట స్టూడియో ఆయన.

"చెదిరితే దిద్దప్పా. పాప చూడల్ల గదా" అన్నాడట నాన్న.

స్టూడియో ఆయన అందులోంచి అమ్మ మొహం వరకే నకలు తీసి, పెద్దది చేసి, కుంచెతో కళ్లూ కనుబొమలూ దిద్ది, రూపాయంత బొట్టు పెట్టి ఇచ్చాడు.

అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఆ పటం వైపు చూసేది కాదు. చలికాలంలో అనపగింజలు నానేసి పొట్టు పితికి, ఆ పప్పు ఉడికే వాసనతో ఇల్లంతా నిండిపోయినా, పెద్దల అమావాస్యకు పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చి పటం ముందు ఆకు వేసినా, దానికి వీపు పెట్టే కూర్చునేది. ఎందుకని అడిగితే, "ఆ కండ్లు నా బిడ్డవి కావు మే" అంది.

నేనేమో తొక్కుడుబిళ్లలో గెలిచిన సంగతీ, జ్వరమొచ్చిన సంగతీ ఆ కళ్లకే చెప్పుకునేదాన్ని. అవ్వ ఆ మాటన్న రోజు చాలా ఏడ్చాను. మర్నాడు మళ్లీ వాటికే చెప్పుకున్నాను, ఇంకెవరున్నారని.

ఇప్పుడు రేకుల ఇల్లున్న చోట అపార్ట్‌మెంటు లేచింది. అవ్వా లేదు, నాన్నా లేడు. పటం చెమ్మ పట్టి చెరిగిపోయింది. నాన్న పెట్టెలో దొరికిన ఆ చిన్న ఫోటోను ఫోనులోకి ఎక్కించుకుని, అమ్మ అసలు కళ్ల కోసం రోజూ రెండు వేళ్లతో సాగదీస్తాను. సాగదీసే కొద్దీ మొహం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

నిన్న విసుగొచ్చి వేళ్లు దగ్గరకు తెచ్చి, ఫోటో మొత్తం చూశాను. అమ్మ చంకలో గుడ్డమూట ఉంది. తలమీద తట్ట కింద పెట్టుకునే చుట్టగుడ్డ అనుకున్నాను ఇన్నాళ్లూ. అందులోంచి ఒక చిన్న పాదం బయటికి వేలాడుతోంది.

అది నేను. ఈ సంగతి చెప్పుకోవడానికి గోడ మీద ఆ కళ్లు కూడా లేవు.