రోగి మా అమ్మే

డెబ్బైల చివర్లో మా అమ్మ బాన్సువాడ నర్సింగ్ స్కూల్లో ఆయాగా చేసేది. సిబ్బంది పిల్లలకు అక్కడ ఫీజు లేదు గానీ, పరీక్ష నెగ్గితేనే సీటు. లేకపోతే నాకు నాట్లే గతి. రోగిని మంచం దించకుండా, ఒంటి కింద పరిచిన దుప్పటి మార్చడమే ఆ పరీక్ష. రోగిగా ఎప్పుడూ అమ్మనే పడుకోబెట్టేవారు.

నా వంతు వచ్చేసరికి, పొద్దున్నుంచీ గదులు కడిగిన అలసటకు అమ్మ నిజంగానే నిద్రపోయింది. మెల్లగా పక్కకు ఒత్తిగిలించి, పాతది చుట్టి తీసి, కొత్తది పరిచాను. ప్రిన్సిపాల్ మేడమ్ చూస్తూ నిలబడ్డారు.

అంతలో అమ్మ కళ్లు తెరిచింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇగ షురూ చెయ్యి" అంది.

"ఎప్పుడో అయిపోయింది. సీటు నీ బిడ్డకే" అన్నారు మేడమ్.

అమ్మ నమ్మలేక దుప్పటి తడిమి చూసుకుంది.

ఇప్పటికీ వార్డులో దుప్పటి మార్చినప్పుడు రోగికి మెలకువ రాకపోతే, ఆ రోజు మళ్లీ పాసయ్యాననుకుంటాను.