ఆగిన మగ్గం ఆగే ఉండాలి

మొన్న గురువారం పొద్దున మా మేనత్త పోయింది. భవాని పేట్‌లో తన ఇంట్లోనే, గుండె ఆగి. మధ్యాహ్నానికి ఆమె పాఠాలు చెప్పిన కాలేజీ వాళ్లు వాట్సాప్‌లో సంతాపం పెట్టారు: ‘మృదుస్వభావి, అందరితో సర్దుకుపోయే మనిషి.’ అది చదివాక నా ఏడుపు ఆగి కోపం వచ్చింది. అత్త ఎవరితోనూ సర్దుకుపోలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నానమ్మ బీడీలు చుట్టి ఆమెను చదివించింది. డాక్టరేట్ వచ్చేదాకా అత్త కూడా చుట్టింది. ఆమె చదువు పెట్రి నెట్ల మీద, అంటే ఒక పని ఏ దశ నుంచి ఏ దశకు పోతుందో చూపే బొమ్మల మీద. నా చిన్నప్పుడు గచ్చు మీద సుద్దతో సున్నాలు గీసి, బాణాలతో కలిపి, చింతగింజలు పెట్టి నేర్పింది. గింజ ఏ సున్నాలో ఉంటే పని అక్కడిదాకా వచ్చినట్టు. బాణం దారి ఇస్తేనే గింజ కదులుతుంది.

“గింజలు కదిలితె అందరు చూస్తరు బిడ్డా. బాణాలే మారితె? గదే చూడాలె,” అనేది.

నడుస్తుండగానే రూపు మారే అలాంటి నెట్లే ఆమె జీవితమంతా చేసిన పని. బొమ్మనంతా అక్షరాల్లో రాసేది. ‘ఇది కనబడితే ఇలా తిరగరాయి’ అని నియమాలు ఇచ్చేది. ఆ నియమాలతో పుట్టగల ప్రతి స్థితినీ కంప్యూటర్ చేత వెతికించేది.

ఎవరైనా ‘ఏం కాదులే’ అంటే చాలు, “ఎవరు చూసిన్రు?” అనేది. ఒక పెళ్లిలో వంటవాడు ఆ మాటంటే, విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి గ్యాస్ పైపు తడిమి చూసి వచ్చింది. మేమంతా సిగ్గుతో తలొంచుకున్నాం.

కొన్నేళ్ల కిందట అశోక్ చౌక్ దగ్గర ఒక తువ్వాళ్ల కార్ఖానాలో కొత్త కంట్రోల్ ప్యానెల్ పెట్టారు. దానితో, ఆర్డర్ మారితే పని ఆపకుండానే మగ్గాలను ఒక జట్టులోంచి ఇంకో జట్టులోకి మార్చవచ్చు. భద్రంగా ఉందని అత్త సంతకం కావాలంటూ ప్యానెల్ కంపెనీ మేనేజర్ వచ్చాడు. నేనప్పుడు ఆమె దగ్గరే పరిశోధన చేస్తున్నాను. అత్త అడిగిన ప్రశ్న ఒక్కటే: తెగిన పోగు ముడెయ్యడానికి ఆపిన మగ్గం, మనిషి తిరిగి నడిపేదాకా ఆగే ఉంటుందా?

ఉండదని తేలింది. జట్టు మారేటప్పుడు పాత బాణం చెరిగి కొత్తది పడేలోపు ఒక రెప్పపాటు ఖాళీ ఉంది. సరిగ్గా అప్పుడు కొత్త జట్టుకు ‘నడువు’ అన్న ఆజ్ఞ వస్తే, ఆగిన మగ్గం కూడా కదులుతుంది.

“మేడం, ఆర్నెల్ల సంది నడిపిస్తున్నం. ఒక్కపారి గూడ కాలే. థోడా అడ్జస్ట్ చేస్కోండ్రి,” అన్నాడు మేనేజర్.

“కాలేదని నువ్వంటున్నవు. కాదని నేనెట్ల రాయాలె?”

సంతకం పెట్టేయమని కాలేజీ పెద్దలూ ఒత్తిడి తెచ్చారు. నిజం చెప్పాలి, నేనూ వాళ్ల వైపే మాట్లాడాను. “ఎప్పుడో ఒక్కపారి అయ్యేదానికి ఇంత పంచాయితీ ఏందత్తా?” అన్నాను.

“సంతకం నాది. తెగేది ఇంకొకరి చెయ్యి,” అంది. మర్నాడే కార్ఖానాకు నడిచింది.

అక్కడ సాంచా, అంటే మరమగ్గం, నడిపే ఒకతన్ని పక్కకు తప్పుకోమంది. పోగులు ముడేసేటప్పుడు అతను చెయ్యి పెట్టే చోట ఒక కట్టెపుల్ల పెట్టింది. కంప్యూటర్ చూపిన వరసలోనే మగ్గం ఆపించింది, జట్టు మార్పించింది, కొత్త జట్టును నడపమంది. రెండుసార్లు ఏమీ కాలేదు. మేనేజర్ నవ్వాడు. మూడోసారి మగ్గం ఒక్క ఊపున కదిలి కట్టెను ఫట్‌మని విరిచింది.

సాంచా నడిపే అతను తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. “అక్కా, రోజు గీడనే చెయ్యి వెడ్త,” అన్నాడు.

ఆపిన మగ్గం జట్టు మారకుండా ప్యానెల్‌ను సరిచేశారు. మళ్లీ అన్ని స్థితులూ వెతికించి, ఆ ప్రమాదం ఎక్కడా లేదని తేలాకే అత్త సంతకం పెట్టింది. ఆ ఏడే కాలేజీ ఆమె ల్యాబ్ గది తీసేసుకుంది. “గది వాళ్లది, తీస్కోనీ. ప్యానెల్‌ల తప్పు దొరికింది గద,” అని సామాను ఇంటికి తెచ్చుకుంది.

నిన్న ఆ మేనేజర్ పరామర్శకు వచ్చాడు. ఫోటోకు దండం పెట్టి, సంచిలోంచి కాగితాలు తీశాడు.

“ప్యానెల్‌ల చిన్న మార్పు చేసినం. మేడం లేరు గద, మీరే సైన్ చేస్తె అయిపోతది.”

ఆ మార్పేమిటో అతని చేతే చెప్పించి, నియమాలు రాసుకుని కంప్యూటర్‌ను నడిపించాను.

“ఎంతసేపు పడ్తది?” అన్నాడు.

“అన్ని దార్లు చూసేదాక.”

అతను గడియారం చూసుకున్నాడు. ఫ్యాన్ గాలికి కాగితాలు లేస్తుంటే అరచెయ్యి అదిమిపెట్టి కూర్చున్నాడు. తెర మీద వరసలు ఆగకుండా జారుతూనే ఉన్నాయి.