ఇంటికి చెప్పారా?

మా పత్రిక ఎడిటర్ సార్ పోయిన మంగళవారం ఉదయం చనిపోయారు. మిర్కాబ్‌లో మా ఆఫీసులో, కుర్చీలోనే గుండె ఆగిపోయింది. ఖుబూస్ రొట్టె ముక్క టీలో ముంచుకుని తినే టైము అది. ఈ వార్త మీకు ఆలస్యంగా చేరుతోంది. శుక్రవారం పత్రిక కూడా రాలేదు. ఎందుకో చెబుతాను.

కువైట్‌లో మన తెలుగువాళ్ల కోసం సార్ నడిపింది నాలుగు పేజీల వారపత్రిక. నేను తొమ్మిదిలో బడి మానేసినవాణ్ని. సబ్హాన్‌లో మూడు పనులు మారాక ఈ పత్రిక వ్యాన్ నడపడానికి చేరాను. ఎలాగూ కుదురుగా కూర్చోనని వార్తలు తెచ్చే పని కూడా సార్ నాకే ఇచ్చారు. నా రాత ఆయనే దిద్దేవారు. "అలా పరిగెత్తకయ్యా, చదివేవాడు వెనకబడిపోతాడు" అనేవారు.

ఎవరైనా పోయారని వార్త తెస్తే సార్ ముందు ఫోటో అడగరు. "ఇంటికి చెప్పారా? ఎవరు చెప్పారు?" అంటారు. చెప్పినవాళ్ల పేరు అచ్చుకు ముందు దిద్దే ప్రూఫు అంచున ఎర్ర పెన్నుతో రాస్తారు. అక్కడ పేరు లేకపోతే వార్త వేయరు.

పోయినేడు సులైబియా తోటలో పనిచేసే ఒకాయన చనిపోయాడు. ప్రూఫు అంచు ఖాళీగా ఉంది. అందరికన్నా ముందు నేనే పెట్టాలని దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. అరగంటలో కడప వైపు నుంచి ఫోను.

"పేపర్లో ఉండేది మా ఆయనేనా నాయనా?"

సార్ ఫోన్ తీసుకుని చాలాసేపు మాట్లాడారు. ఖలాస్, పని పోయిందనుకున్నాను.

"బట్టలు సర్దుకోమంటారా సార్?"

"ఎక్కడికెళ్తావ్? అన్నీ సగంలో వదిలేసి పోవడమేగా నీకొచ్చింది. ఇకనించి ఇళ్లకు చెప్పే ఆ ఫోన్లు నువ్వే చెయ్యి. ముందు పక్కన ఎవరున్నారో అడుగు. కూర్చోమను. అప్పుడు చెప్పు. చెప్పాక ఫోన్ నువ్వు పెట్టేయకు, వాళ్లే పెట్టాలి."

అప్పటినుంచి ఏడు ఇళ్లకు చేశాను.

సార్‌కు ఉన్నది తణుకులో అక్కగారు ఒక్కరే. కంటి ఆపరేషనని ఆమె ఆసుపత్రిలో ఉన్నారు, ఫోన్ ఆపేసి ఉంది. ఆమెకు చెప్పేదాకా శుక్రవారం పత్రిక ఆపి, గ్రూపుల్లో పెట్టొద్దని ఇక్కడ ఒక్కొక్కరినీ బతిమాలాను. "మీ ఎడిటర్ వార్తే వేయలేకపోతే అదేం పేపరు అబ్బీ?" అన్నారు కార్మికుల క్యాంపులో. ఆ మాటలు పడ్డాను.

శనివారం ఆమె ఇంటికొచ్చి ఫోన్ ఎత్తారు.

"అమ్మా, కువైట్ నుంచి, పత్రిక ఆఫీసులో పనిచేస్తాను. పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఆ మాట మావాడు నేర్పిందే కదూ. నాతో చెబుతుండేవాడు. కూర్చున్నాను బాబూ, చెప్పు."

చెప్పాను. అవతల కుక్కరు కూత వినిపిస్తోంది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, సార్ వార్త ప్రూఫు ముందుకు లాక్కుని, అంచున ఆయన ఎర్ర పెన్నుతో నా పేరు రాశాను. ఆమె ఇంకా ఫోన్ పెట్టలేదు.