లేత గులాబీ రంగు

రెండు నెలల కిందట నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు పొద్దున నేరేడ్‌మెట్‌లోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని కాఫీ తాగుతుంటే, ఎదుటి గోడ మల్లెపువ్వులా తెల్లగా మెరిసిపోతోంది. నాకు ముందు అనుమానం వచ్చింది, నేను లేనప్పుడు మా వారు గానీ రంగు వేయించారా అని. ఎందుకంటే మూడేళ్ళ కిందట ఆ గోడ దగ్గరే పెయింటర్‌తో నాకు పెద్ద గొడవైంది. తెలుపు వేయమంటే మీగడ రంగు వేశావని అతన్ని నిలబెట్టి దులిపేశాను. అతను రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "తెలుపే అమ్మా ఇది, మీరే చదువుండ్రి" అన్నాడు. "డబ్బా మీద ఏం రాస్తే నాకేం, నాకు కళ్ళు లేవా?" అన్నాను. ఇప్పుడు ఎడమకన్ను మూసి చూస్తే గోడ తెలుపు. కుడికన్ను మూసి చూస్తే మీగడ. రెండూ నా కళ్ళే. పది నిమిషాలు అలా ఒక్కో కన్నూ మూసి తెరుస్తూ ఉంటే మా వారు పేపర్లోంచి తల ఎత్తి, "పాపం ఆ పెయింటర్" అని మళ్ళీ పేపర్లో మునిగిపోయారు. నిజానికి నాకు గుర్తొచ్చింది పెయింటర్ కాదు. చిలకలగూడ రైల్వే క్వార్టర్ల నుంచి మా కాలేజీకి వచ్చిన ఒక అబ్బాయి.

సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. మా ల్యాబ్ రెండో అంతస్తులో. కిటికీలు తీస్తే రైళ్ళ అనౌన్స్‌మెంట్లు లోపలికి వచ్చేవి. ఆమ్లాల వాసన, తడిసిన చెక్కబల్లల వాసన, కింద క్యాంటీన్‌లో వేగే మిరపకాయ బజ్జీల వాసన కలిసిపోయి ఉండేవి. ఆ మూడు వాసనల మధ్య, తరం తర్వాత తరం పిల్లలకు కొలవడం నేర్పాను. పుస్తకంలో కెమిస్ట్రీ ఎంత చదివినా, మొదటిసారి చేతికి బ్యూరెట్ ఇస్తే అందరూ చంటిపిల్లలే. ఆ పొడుగాటి గాజుగొట్టంలో ద్రవం చదునుగా ఉండదు, మధ్యలో గిన్నెలా కుంగి ఉంటుంది. ఆ కుంగిన చోటు అడుగునే చదవాలి. కన్ను దానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, పైనుంచి చూస్తే ఒక లెక్క, కిందినుంచి చూస్తే ఇంకో లెక్క. పొట్టిపిల్లలు స్టూలు ఎక్కాలి, పొడుగువాళ్ళు మోకాళ్ళు వంచాలి. పిపెట్ చివర మిగిలిన చుక్కను నోటితో ఊదకూడదు. త్రాసు అద్దాల తలుపు మూశాకే బరువు చూడాలి, లేకపోతే ఫ్యాను గాలి కూడా తూకంలోకి వస్తుంది. ఇవన్నీ చెప్పి చివర ఒక ప్రసంగం చేసేదాన్ని. మా నాన్నగారు గుంటూరు వైపు చర్చిలో ఉపదేశం చెప్పేవారు, ఆ గొంతు నాకూ కొంచెం వచ్చింది. "మీకు ఏది కనిపించిందో అది రాయండి. ఏది రావాలో అది కాదు" అనేదాన్ని. ఆ మాట చెప్పిన ప్రతిసారీ నా మీద నాకే గౌరవం కలిగేది.

ఈ అబ్బాయి సన్నగా, నల్లగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చేవాడు. వాళ్ళ నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరు అడిగినా, "ఇంజన్ నడుపుతా" అని ఒకటే జవాబు. చేతులు మాత్రం అద్భుతం. త్రాసు ముందు కూర్చున్నాడంటే ఊపిరి కూడా దాచుకుని తీసుకునేవాడు. చిమటాతో చిన్న తూకంరాయి ఎత్తి పళ్ళెంలో పెడితే చప్పుడు వచ్చేది కాదు. పిపెట్‌లో ద్రవాన్ని గీత మీద నిలపడం నాకు రెండేళ్ళు పట్టింది, వాడికి రెండు రోజులు. మా ల్యాబ్ అసిస్టెంట్, నాకంటే పదేళ్ళు పెద్దాయన, "పోరని చెయ్యి చూడుండ్రి మేడమ్, కంసాలి చెయ్యి" అని మురిసిపోయేవాడు.

టైట్రేషన్ మొదలయ్యాక కథ మారింది. కింద ఫ్లాస్కులో ఆమ్లం, పైన బ్యూరెట్‌లో క్షారం. ఫ్లాస్కులో రెండు చుక్కల ఇండికేటర్ వేసి, పైనుంచి చుక్క చుక్కా వదలాలి. ఎంతసేపూ నీళ్ళలా ఉన్నది, ఒకే ఒక్క చుక్కతో పసిపాప గోటి రంగంత లేత గులాబీకి తిరుగుతుంది. అక్కడ ఆపేయాలి, కొలత రాసుకోవాలి. మూడుసార్లు చేస్తే మూడూ ఒకటే రావాలి. క్లాసంతా ఇరవై మిల్లీలీటర్ల దగ్గర ఆగితే, వీడు ఒకసారి ఇరవై ఒకటిన్నర, ఒకసారి ఇరవై మూడు. ఫ్లాస్కు చూస్తే ముదురు రంగు. మొదటిరోజు నవ్వి ఊరుకున్నాను. రెండోరోజు విసుక్కున్నాను. మూడోరోజు వాడి ఫ్లాస్కు తీసి క్లాసంతటికీ చూపిస్తూ, "టైట్రేషన్ చేయమంటే రోజ్ షర్బత్ చేశావేంటి నాయనా?" అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి పిల్లలు వాణ్ణి షర్బత్ అని పిలవడం మొదలుపెట్టారు. నాకు వినిపించేది. ఆపలేదు.

"మేడమ్, నాకు రంగు కనిపించంగనే ఆపిన" అన్నాడు వాడు ఆ రోజు, మెల్లగా.

"కనిపించగానే ఆపితే ఇలా ఎందుకుంటుంది? నీ ధ్యాసంతా ఆ కిటికీలోంచి రైళ్ళ మీదుంది" అన్నాను.

తరువాతి వారం వాడి రికార్డులో మూడు కొలతలూ ముత్యాల్లా ఉన్నాయి. ఇరవై, ఇరవై, ఇరవై. నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. నేరుగా వెళ్ళి వాడి బ్యూరెట్ చూశాను. ద్రవం ఇరవై రెండు దగ్గర ఉంది. పక్కవాడి పుస్తకంలో ఇరవై. "ఇది దొంగ రీడింగ్" అన్నాను, ల్యాబ్ మొత్తానికి వినపడేలా. "తప్పు చేస్తే క్షమిస్తాను గానీ, దొంగతనం మాత్రం నా ల్యాబ్‌లో కుదరదు. బయటికి నడువు." ఎర్ర సిరాతో ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టాను. వాడు నన్ను ఒక్క క్షణం చూశాడు. "చూసింది రాస్తే మీరు నమ్మలే మేడమ్" అని పుస్తకం తీసుకుని వెళ్ళిపోయాడు. ఎదురు చెప్పడం కూడా నేర్చాడని అనుకున్నాను నేను.

ఆ సాయంత్రం గాజుసామాను కడుగుతూ ల్యాబ్ పెద్దాయన అన్నాడు: "మేడమ్, గా పోరడు కావాలని చేసేటోడు కాదు. ఒక్కసారి వాని పక్కన నిలబడి, ఏం కనవడ్తుందో జెర అడుగుండ్రి." ఇరవై నిమిషాల పని అది. ఒక తెల్లటి పింగాణీ పలక, ఒక ఫ్లాస్కు, ఒక ప్రశ్న. చేస్తానన్నాను. తర్వాత పరీక్షలు, పేపర్లు దిద్దడం, మా అమ్మాయికి టైఫాయిడ్. ఇవన్నీ నిజమే. కానీ నిజం చెప్పాలంటే, బయటికి పంపిన పిల్లవాడి దగ్గరికి నేను వెళ్ళి అడగడం నామోషీగా తోచింది. వాడు బొటాబొటి మార్కులతో ఇంటర్ గట్టెక్కి వెళ్ళిపోయాడు. మర్చిపోయాను.

మళ్ళీ వాణ్ణి చూసింది నా ఉద్యోగం చివరి ఏడాదిలో. ఏటా త్రాసులు సరిచేయడానికి బోయిగూడ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. ఆ ఏడు ఆయన బదులు ముప్పై దాటిన మనిషి వచ్చి, త్రాసు ముందు కూర్చుని, చిమటాతో తూకంరాయి ఎత్తాడు. చప్పుడు రాలేదు. ఆ చేయి చూసి గుర్తుపట్టాను, ముఖం చూసి కాదు.

"రైల్వేలో చేరలేదా?" అని అడిగాను, పలకరింపుగా.

"రాత పరీక్ష పాసైన మేడమ్. ఇంటర్ అయినంక రెండేండ్లు ఐటీఐ, రెండేండ్లు కోచింగ్. మెడికల్‌ల పోయింది" అన్నాడు, త్రాసు మీదనుంచి కన్ను తీయకుండానే. "ఒక బుక్కు చూపించిండ్రు. అన్నీ చుక్కలే. అంకె చదువు అన్నడు డాక్టర్. అంకె యాడుంది సార్ అన్న." చిన్నగా నవ్వాడు. "నాకు ఎరుపు, పచ్చ సరిగ కనిపియ్యవంట. పుట్టుకతోనే అంట. గప్పుడు సమజైంది మేడమ్, మన ల్యాబ్‌ల గులాబీ రంగు నాకెందుకు కనవడకపోయేదో."

నా చేతిలో రికార్డు పుస్తకాల దొంతర ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం, "టీ తాగుతావా?" అని. వద్దన్నాడు, ఇంకా రెండు కాలేజీలకు వెళ్ళాలట. త్రాసు సరిచేసి, అద్దాలు తుడిచి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది నా ఆఖరి బ్యాచ్‌లో ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ పిలిచి, లేత గులాబీ ఫ్లాస్కు, నీళ్ళ ఫ్లాస్కు పక్కపక్కన పెట్టి తేడా అడిగాను. ఒకడు రెండూ ఒకటే అన్నాడు. వాడికి రంగు చెప్పడానికి పక్కన ఒక అమ్మాయిని కూర్చోబెట్టాను, వాళ్ళ అమ్మానాన్నల్ని పిలిచి మాట్లాడాను. స్టాఫ్‌రూములో అందరూ మెచ్చుకున్నారు. ఒకరికి చేసిన తప్పుకు ఇంకొకరికి మేలు చేసి చెల్లు చేసుకుంటున్నానని నాకొక్కదానికే తెలుసు. రిటైరయ్యాక ఆరేళ్ళు ప్రతి ఆదివారం ప్రార్థనలో దేవుడి దగ్గర ఈ సంగతి ఒప్పుకున్నాను. దేవుడి దగ్గర ఒప్పుకోవడం సులువు. ఆయన ముఖం కనపడదు. అతని షాపున్న బోయిగూడ మా ఇంటికి ఆటోలో ముప్పావుగంటే.

కంటి ఆపరేషనైన మూడో వారం వెళ్ళాను. మా వారు తోడొస్తానంటే వద్దన్నాను. కలప డిపోల మధ్య ఇరుకు సందులో చిన్న షాపు. గోడంతా త్రాసులు, నేలమీద విప్పేసిన కాటాలు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. వాళ్ళ నాన్న పోయి నాలుగేళ్ళైందట. వాళ్ళ పాప మూడో తరగతి. ఇవన్నీ అయ్యాక, ఇంక మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు చెప్పాను.

"నిన్ను దొంగ అన్నాను. నువ్వు నిజం చెప్తే నమ్మలేదు. ఒక్కసారి నీ పక్కన నిలబడి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది. నాదే తప్పు."

పర్వాలేదు మేడమ్ అంటాడని ఎదురుచూశాను. అనలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"షర్బత్ అన్నందుకు గూడ నాకు అంత బాధ కాలే మేడమ్. దొంగ అన్నరు సూడుండ్రి, అది మా నాయినకు ఎన్నడు చెప్పలే. నేను నిజంగనే ధ్యాస లేనోణ్ణి అనుకున్న. గింత చిన్న పని సుత చాతకాదని అనుకున్న." విప్పిన కాటా పళ్ళెం పక్కకు జరిపాడు. "గప్పుడే ఎరుకైతే ఇంకోటి చదువుకుందును. నాలుగేండ్లు పోయినయి. గదే."

కోపంగా అనలేదు. త్రాసులో ఎంత తేడా ఉందో కొట్టువాడికి చెప్పినట్టు చెప్పాడు. నేను తల ఊపాను. ఇంతలో కూరగాయలమ్మే ఒకావిడ కాటా చంకన పెట్టుకుని వస్తే, ఆమెను కూర్చోబెట్టి నన్ను సందు చివరిదాకా నడిపించాడు. ఆటో ఆపి, డ్రైవర్‌తో, "మా మేడమ్, కంటి ఆపరేషనైంది, జెర మెల్లగ తీస్కపో" అన్నాడు. మా మేడమ్ అన్న ఆ మాటను క్షమించినట్టుగా తీసుకోవాలని దారంతా నా మనసు ఆశపడింది. అది మర్యాద. క్షమించడం వేరు, అతను దాన్ని ఇవ్వలేదు, ఇవ్వాల్సిన అవసరమూ లేదు.

ఏళ్ళు గడిస్తే తప్పు చిన్నదవుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చిన్నదైంది నాకే. అతను పోగొట్టుకున్న నాలుగేళ్ళు మాత్రం ఇప్పటికీ నాలుగేళ్ళే.