వాది అంటే మా నాయన

మా చిన్నప్పుడు... భజన మందిరంలో హార్మోనియం నేర్పే సారు ఒక రోజు అడిగారు, "వాది అంటే ఏమి?" అని. నేను చటుక్కున చెయ్యెత్తాను. "మా నాయన సార్!"

పక్కనే ఉన్న మా పెద్దనాయన కూతురు సుజాతక్క ఊరుకుంటుందా... "ప్రతివాది మా నాయన సార్!"

సారు తల పట్టుకున్నారు.

మేమేం చేస్తాం? మా ఇళ్ళలో రోజూ అవే మాటలు. మాది కడప వైపు చేనేత ఊరు. మా రెండిళ్ళ మధ్య పొడుగాటి సందు ఉండేది. నేతకు ముందు పడుగు దారాలు అందులోనే చాపుకునేవాళ్ళం. పెద్దనాయన దానికి అడ్డంగా గోడ లేపాడు. నాయన కోర్టుకెక్కాడు. స్టే వచ్చింది. గోడ సగంలో ఆగింది... పడుగు చాపడానికి ఇద్దరూ నూలు మోసుకుని ఊరి చివరికి పోవాల్సి వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు, ఆరేళ్ళు! అన్నదమ్ములకు మాటల్లేవు.

"వాది అంటే మాట్లాడేవాడమ్మా," అన్నారు సారు. "సంస్కృతంలో 'వద్' అంటే పలకడం. కోర్టులో తన గోడు చెప్పుకునేవాడు వాది. రాగానికి ప్రాణంగా పలికే స్వరమూ వాదే. దానితో ఇంపుగా కలిసేది సంవాది, పొసగనిది వివాది. సంగీతంలో ప్రతివాది లేడు."

ఇంటికెళ్ళి నాయనకు చెప్పాను. మగ్గం ఆగిపోయింది.

"మాట్లాడేవాడా? ఆరేండ్లుగా బస్సెక్కి పోతాండా, వస్తాండా... ఆడ ఒక్క మాటన్నా నన్ను మాట్లాడనిచ్చినారా? అంతా వకీలే మాట్లాడతాండాడు. నేనేం వాదినే!"

విసురుగా సందులోకి నడిచాడు. "అన్నా! యాడుండావు? రా బయటికి!"

గోడకు అటూ ఇటూ నిలబడి గంటసేపు అరుచుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి...

"మీ పక్కనుంచి వాన నీళ్ళు నా మగ్గం గుంతలోకి వస్తాండాయి. అందుకే కట్టినా!"

"ఆ మాట నాకు చెప్పినావా?"

"నువ్వు అడిగినావా?"

మా సీమలో వచ్చేదే నాలుగు వానలు! ఆ నీళ్ళకోసం ఆరేళ్ళ కోర్టు!

మర్నాడు ఇద్దరూ కలిసి ఆ సగం గోడ పడగొట్టి, వాన నీళ్ళు పక్కకు పోయేలా ఒక చిన్న కాలువ తవ్వారు. పొద్దెక్కేలోపే అయిపోయింది. కేసు వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఇంకో రెండు వాయిదాలు పట్టింది.

ఇప్పుడు మా తరంలో అలిగితే ఫోన్లో బ్లాక్ చేసేస్తాం... తిట్టుకోవడానికైనా ఎదురుపడం. మీ ఇళ్ళలో ఏళ్ళ తరబడి మాటల్లేనివాళ్ళలో మొదట నోరు తెరిచింది ఎవరు? చెప్పండి, వినాలని ఉంది...