కలెక్టరుతో పథ్యం

ఆ రోజుల్లో జబ్బు చేయడం సులువే, నయం కావడమే కష్టం. ఇప్పుడు మా మనవలు పొద్దున మాత్ర మింగి సాయంత్రానికి బజ్జీలు తింటున్నారు. మా కాలంలో మాత్రం జబ్బు మనిషిని వదిలినా, పథ్యం పెట్టే పెద్దావిడ వదిలేది కాదు. ఏ పూట ఏది తినాలో, ఎంత తినాలో, తిన్నాక ఏ పక్కకు తిరిగి పడుకోవాలో అన్నీ ఆమె చేతిలోనే ఉండేవి. అలాంటి ఒక పెద్దావిడ చేతిలో నేను పది రోజులు ఉన్నాను.

యుద్ధం నడుస్తున్న కాలం. నాకు పంతొమ్మిదేళ్లు. రేణిగుంట స్టేషనులో గుమాస్తా పని దొరికి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లోనే నాకు తెలియని విషయం లోకంలో లేదన్న నమ్మకం కూడా కుదిరింది. ఆ నమ్మకంతోనే, నాతో గదిలో ఉండే మిత్రుడు ఊరి నుంచి గంపెడు మామిడిపండ్లు తెస్తే, పందెం కాసి పద్నాలుగు తిన్నాను. పైన చెంబెడు మజ్జిగ తాగాను. (పందెం నేనే గెలిచాను. ఆ సంగతి తర్వాత ఎవరూ అడగలేదు.) రెండు రోజులు చెంబు చేత్తో పట్టుకుని పెరట్లోకీ గదిలోకీ తిరిగాను. మూడోనాడు నడిచే ఓపిక కూడా లేకపోతే ఆ మిత్రుడే నన్ను రైలెక్కించి, తిరుపతిలో మా అక్క ఇంట్లో దిగబెట్టి పోయాడు.

ఆ ఇంట్లో మా అక్క, బడిపంతులుగా ఉన్న మా బావ, అక్క అత్తగారు, అక్కకు రెండేళ్ల కొడుకు. అక్క అత్తగారిని నేనూ అత్తా అనే పిలిచేవాణ్ని. ఆమె నా నాలుక చూసి, పొట్ట నొక్కి, రెండు రోజులు జీలకర్ర కాచిన నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. మూడోనాడు పథ్యం మొదలైంది. ఆమె ఎక్కడో దాచిన కుండలోంచి తీసిన పాత బియ్యం మెత్తగా ఉడికించిన అన్నం, మిరియాల చారు, ఉప్పులో ఊరి ఎండిన నార్తంగాయ, అదే దబ్బకాయ, ముక్క ఒకటి. రోజూ పదిన్నరకు, ఒక్కసారే.

"కడుపు యెట్లుండాది అప్పా?" అని అడిగేది.

"బాగుండాది అత్తా. ఆకలి మాత్రం చంపతా ఉండాది."

"అది దొంగాకలి. నిజమాకలి ఇంకా నాలుగు దినాలకు వస్తాది" అనేది.

దొంగాకలికీ నిజమాకలికీ తేడా ఎలా తెలుస్తుందో అడగాలని ఉండేది. అడిగితే ఇంకో రోజు జీలకర్ర నీళ్లు ఇస్తుందని భయం.

ఇక నా మేనల్లుడి సంగతి. వాడి ముందుకు ఎవరు ఏమి తెచ్చినా ఒకసారి కిందికి చూసి, మాట్లాడకుండా తల పక్కకు తిప్పేవాడు. అందుకని ఇంట్లో అందరూ వాణ్ని కలెక్టరు అనేవాళ్లు. పప్పన్నం, పెరుగన్నం, నెయ్యి వేసిన రాగి సంగటి, అరటిపండు, ఏ అర్జీ అయినా ఒకటే తీర్పు. ఎత్తుకుంటే తడి తువ్వాలంత బరువుండేవాడు. పేరు వేడుకగానే ఉండేది గానీ, ఆ వేడుక వెనక మా అక్క ఏడుపు ఉందని నాకు నాలుగోనాడు తెలిసింది. వంటింట్లో పొయ్యి ఊదుతూ, పొగకు కాకుండానే కళ్లు తుడుచుకుంటోంది.

"శుక్రవారం మా ఆడబిడ్డ వస్తాదంట రా. వాణ్ని తీసకపోతాదంట. ఏడాది కాణిపాకంలోనే పెట్టుకుంటాదంట."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను. ఆమె నలుగుర్ని పెంచింది, నలుగురూ ఇంతింత ఉండారు. నా చేతి బువ్వ వాడు తింటే గదా నేను మాట్లాడేదానికి."

ఆ పొద్దే అత్త నా చేతికి పిల్లవాడి గిన్నె ఇచ్చింది. "కూర్చున్నోడివి కూర్చున్నట్టే, వాడికి నాలుగు ముద్దలు పెట్టి సూడు" అని పూజకు కూర్చుంది. (ఆమె పూజ పన్నెండు దాటితే గానీ అయ్యేది కాదు. దేవుడికి కూడా పథ్యమే పెట్టేదేమో.)

నేను రైల్వే ఉద్యోగిని కదా అని ముద్దను రైలు చేశాను. రేణిగుంట, పుత్తూరు, అరక్కోణం అని కూత పెట్టాను. కలెక్టరు శ్రద్ధగా విని, ఇంకా కుయ్యమని సైగ చేశాడు గానీ నోరు తెరవలేదు. కాకిని పిలిచాను, కాకి వచ్చి తిన్నది. ఇంతలో నా పథ్యం కంచం వచ్చింది. గిన్నె పక్కన పెట్టి నా అన్నం కలుపుకుని తింటుంటే, వాడు దగ్గరికి జరిగి నా నోటినే చూడసాగాడు. ముద్ద కంచంలోంచి ఎలా లేస్తుంది, లోపలికి పోయాక ఏమవుతుంది, గొంతులో ఏమి కదులుతుంది, అన్నీ వంగి మరీ చూశాడు. చూసి చూసి, నార్తంగాయ ముక్క తీసుకుని నాకి, మొహం చిట్లించి, మళ్లీ నాకాడు. తర్వాత నా కంచంలోంచి ఒక వేలెడు అన్నం తీసి నా నోట్లో పెట్టాడు. ఇంకో వేలెడు తన నోట్లో పెట్టుకున్నాడు.

నాకు జబ్బు సంగతి, ఆకలి సంగతి మర్చిపోయేంత కుతూహలం పుట్టింది. వాడికి కావలసింది మిరియాల చారా, పాత బియ్యమా, నార్తంగాయా? మర్నాడు పరీక్ష మొదలుపెట్టాను. వాడి పప్పన్నమే నా కంచంలో ఒక పక్కన పోసుకున్నాను. తిన్నాడు. నేను తినడం ఆపితే వాడూ ఆపాడు. మొదలుపెడితే మొదలుపెట్టాడు. మూడోరోజుకు తేలింది. ఆ ఇంట్లో వాడు ఎవరినీ తింటుండగా చూసి ఎరగడు. బావ తొమ్మిదికి తింటాడు, అప్పుడు అడ్డం పడతాడని వీణ్ని పక్కింటికి పంపుతారు. అత్త తినేది పూజ అయ్యాక, ఆమె తిన్నాకే అక్క. అప్పటికి వీడు నిద్ర. రాత్రి కూడా వీణ్ని పడుకోబెట్టాకే అందరూ తింటారు. పదిన్నరకు వీడొక్కడికి గిన్నె పట్టుకుని అందరూ చుట్టూ నిలబడి నోరు తెరవమంటారు. అలా నిలబడితే నేనైనా తింటానా?

ఈ పరీక్షల మధ్యలోనే అత్తకు దొరికిపోయాను. పూజ మధ్యలో దేనికో బయటికి వచ్చి, జబ్బు మనిషి కంచంలో మనవడి చెయ్యి చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆ సాయంత్రం నుంచి రెండు రోజులు పిల్లవాడి కడుపును కనిపెట్టుకునే ఉంది. పెరట్లోకి వాడి వెంట తనే వెళ్లి, తనే చూసి వచ్చింది. ఏమీ కాలేదు. పైగా వాడి బుగ్గలు కొంచెం నునుపెక్కాయి.

శుక్రవారం అక్క ఆడబిడ్డ రానే వచ్చింది. వస్తూనే పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుని, నెయ్యి కారే పప్పన్నం ముద్ద పట్టుకుంది. తల పక్కకు తిరిగింది. బుజ్జగించింది, కసురుకుంది, కొంగు అడ్డం పెట్టి దొంగాట ఆడింది. ముద్ద ఆమె చేతిలోనే ఆరిపోయింది. అప్పుడు నా కంచం వచ్చింది. నేను కూర్చోగానే వాడు ఆమె ఒళ్లోంచి జారి, వచ్చి నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పది ముద్దలు తిన్నాడు. లెక్కపెట్టింది నేను కాదు, ఆవిడే.

"అట్లయితే ఈ అబ్బాయిని గూడా నా వెంట పంపండి" అంది ఆవిడ.

నాకు మరునాడే ఉద్యోగంలో చేరాలి. ధైర్యం తెచ్చుకుని నా సిద్ధాంతమంతా చెప్పాను. పిల్లవాడికి తిండి అక్కర్లేక కాదు, తోడు లేక. అక్క వాడితోపాటు కంచం పెట్టుకుని కూర్చుంటే చాలు, ఎవరూ వాణ్ని ఎక్కడికీ తీసుకుపోనక్కర్లేదు. చెప్పాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు. అత్తగారు పూజలో ఉండగా కోడలు అన్నం తినడమా? అక్క గోడ వైపు తిరిగింది. బావ ఇంట్లో లేకపోవడం నా అదృష్టం.

కూతురు వచ్చిందని ఆ పొద్దు పూజ మధ్యలోనే లేచి వచ్చిన అత్త అంతా విన్నది. తర్వాత అక్క దగ్గరికి పోయి నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏమ్మే, ఒళ్లు కాలతాండాదే నీకు. చెప్పవేమి? నీకూ పథ్యం పెట్టల్ల. కంచం తెచ్చుకో."

ఆడబిడ్డ కూడా అక్క నుదురు తాకి చూసింది. "చల్లగానే ఉండాది గదమ్మా" అంది.

"నీకేం తెలుసు. లోపలి జొరం అది. పదిన్నరకు తినకపోతే ఎక్కువైతాది."

అక్క కంచం తెచ్చుకుంది. కలెక్టరు ఒకసారి తల్లి కంచాన్ని, ఒకసారి తల్లి నోటిని చూసి, నా పక్కనుంచి లేచి అటు వెళ్లి కూర్చున్నాడు. ఆడబిడ్డ ఆ సాయంత్రమే ఒంటరిగా కాణిపాకం బయల్దేరింది. అక్కకు ఆ లోపలి జ్వరం అయిదేళ్లు తగ్గలేదు. వాడు బడికి పోయేదాకా రోజూ పదిన్నరకు వస్తూనే ఉండేది.

ఈ కథ నేను నలభై ఏళ్లు చెప్పుకున్నాను, ఎక్కడ చెప్పినా నా తెలివి గురించే చెప్పుకున్నాను. అత్త పోయిన చాలా రోజులకు, ఒకసారి అక్క ముందే చెబుతుంటే ఆమె నవ్వింది.

"పెండ్లైన నాలుగేండ్లకు ఆ పొద్దే రా నేను ఉడుకన్నం తినింది. అంతవరకూ రెండు గంటలకు, అడుగూ బొడుగూ ఏముంటే అది. ఒక్కోనాడు అదీ లేదు. అత్తకు తెలుసు. జొరం లేదనీ తెలుసు, ఆకలుండాదనీ తెలుసు."

"నాకెప్పుడూ చెప్పలేదే అక్కా."

"నువ్వు పిల్లోడి నోరు చూస్తా ఉంటివి గదా" అంది.

పది రోజులు ఆ ఇంట్లో కూర్చుని, ఎవరు ఎన్ని గంటలకు తింటారో వరస పెట్టి కనిపెట్టిన ఆ పంతొమ్మిదేళ్ల పెద్దమనిషికి, ఆ వరసలో చివర ఉన్నది తన అక్కేనని తెలుసు. అయినా ఒక్క పూటైనా, "నువ్వు తిన్నావా అక్కా" అని అడగాలని తోచలేదు. వాడు తలపుకొస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఎదురుగా ఉంటే కోప్పడను గానీ, వంటింటి వైపు ఒకసారి తల తిప్పి చూడమంటాను.