లియాఖత్ సారు పెట్టిన చుక్కలు

ఇప్పటికీ ఎక్కడైనా పొడి సున్నం వాసన వస్తే నాకు మా డ్రిల్లు సారు లియాఖత్ అలీ గుర్తొస్తారు. మక్తల్ నుంచి రోజూ ఎర్రబస్సులో మా నారాయణపేట బడికి వచ్చేవారు. మెడలో విజిలుండేది కానీ ఊదే పని ఉండేది కాదు. సిలబస్ కాలేదంటూ డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల లచ్చయ్య సారు ఎప్పుడూ లాక్కునేవారు. పాపం, డ్రిల్లు సారు వేపచెట్టు కింద కూర్చుని మా తరగతి వైపు చూస్తుండేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా, ఎనభై ఏడులో, బడికి కంప్యూటర్ వచ్చింది. దానికి కొబ్బరికాయ కొట్టి, గదికి నీలం పరదా కట్టారు. మంచి మార్కులొచ్చే పదో తరగతి వాళ్లే చెప్పులు విడిచి లోపలికి పోవాలి. మిగతావాళ్లం కిటికీ సందులోంచి చూసి గుటకలు మింగేవాళ్లం.

లియాఖత్ సారు ఏం చెప్పారో ఏమో, కంప్యూటర్ గది చూసుకునే లచ్చయ్య సారును ఒప్పించారు. శనివారం సాయంత్రం మైదానం చుట్టూ ఆగకుండా ఎన్ని చుట్లు పరుగెత్తితే, కంప్యూటర్ మన పేరు పక్కన అన్ని చుక్కలు చూపిస్తుంది. ఐదు చుట్లు దాటినవాళ్లు లోపలికి పోయి తమ పేరు తామే కొట్టుకోవచ్చు. ఇంకేముంది, బడి బడంతా ఉరికింది.

గొర్రెల వెంట తిరిగి పెరిగిన నా స్నేహితురాలు జానమ్మకు పది చుట్లు లెక్కే కాదు. నేనేమో మగ్గం ఇంటి పిల్లను. బడి నుంచి రాగానే నూలు కండెలు చుట్టడానికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది లేదు. రెండో చుట్టులోనే ఆయాసంతో కూలబడ్డాను. జానమ్మ నవ్విందని వారం రోజులు దానితో మాట్లాడలేదు. నాకు రోషం ఎక్కువ, ఊపిరి తక్కువ. స్క్రీను మీద నా పేరు నేనే కొట్టి చూసుకోవాలని మాత్రం ప్రాణం కొట్టుకునేది.

ఒకరోజు సారు మా ఇంటికే వచ్చారు. చాయ్ తాగుతూ మా బాపుతో అన్నారు: "గంటకోసారి పిల్లను జర లేవనియ్యి. వాకిట్ల పదిసార్లు ఇటు నుంచి అటు ఉరికొస్తది. నీ పనేం ఆగదు."

బాపు గొణిగాడు కానీ కాదనలేదు. వీధిలో వాళ్లు నవ్వుతున్నా నేను మూడు నెలలు వాకిట్లో ఉరికాను. ఫిబ్రవరిలో ఒక శనివారం ఆగకుండా ఆరు చుట్లు తిరిగాను.

ఎవరూ చెప్పకపోయినా చేతులు కడుక్కుని కంప్యూటర్ గదిలోకి పోయాను. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొడుతున్నాను. పేరు సగం పడిందో లేదో, కరెంటు పోయింది. మళ్లీ వచ్చినప్పుడు పెట్టె లోపలి నుంచి కమురు వాసన వచ్చింది. లచ్చయ్య సారు ఎన్ని మీటలు నొక్కినా వెలగలేదు. ఆ పెట్టె మరి ఎన్నడూ వెలగలేదు.

నేను బయటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. లియాఖత్ సారు కబడ్డీ గీతలు గీసే సున్నం గంప తెచ్చి మైదానంలో గొంతుక్కూర్చున్నారు. ఆయన చదివింది ఉర్దూలో. వంకర టింకర తెలుగులో 'మంజులత' అని ఇంతేసి అక్షరాలు రాశారు. దాని పక్కన, మన ఆడవాళ్లు వాకిట్లో ముగ్గుకు పెట్టినట్టే, వేళ్ల సందుల్లోంచి సున్నం వదులుతూ ఆరు చుక్కలు పెట్టారు. అందరూ చుట్టూ చేరారు. ఈసారి జానమ్మ నవ్వలేదు.

సారు గంప నా ముందు పెట్టారు.

"పెట్టె పోతే పోనియ్యి బిడ్డా. ఏడోది నువ్వే పెట్టు. ఉరికొచ్చి పెట్టు."

ఏడుస్తూనే పరుగందుకున్నాను. చుట్టు తిరిగొచ్చి ఏడో చుక్క పెట్టాను. ఆయాసంలో అది వరస తప్పింది. సారు దాన్ని సరిచేయలేదు.